రెండో ఇంజెక్షన్ నాటికి అల్మారా ఖాళీ

సంపాదకులకు,

శరణార్థి శిబిరాలకు సాయం అనగానే డేరాలు, నీళ్లు, తిండి గుర్తొస్తాయి. కుటుంబ నియంత్రణ మాత్రం 'తర్వాత చూద్దాం' అన్న పనుల్లో చేరిపోతుంది. నిజానికి విపత్తు మొదలైన తొలి రోజుల నుంచే అందించాల్సిన కనీస పునరుత్పత్తి ఆరోగ్య సేవల్లో, అవాంఛిత గర్భాన్ని నివారించడాన్ని 2018లోనే ప్రత్యేక లక్ష్యంగా చేర్చారు. నియమం ఉంది. అమలే సరిగ్గా లేదు.

ముందుగా సరఫరా సంగతి. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి పంపే అత్యవసర కిట్లు మూడు నెలల అవసరానికి సరిపోయేలా కడతారు. గర్భం రాకుండా వేసే డీఎంపీఏ ఇంజెక్షన్ కూడా మూడు నెలలకొకసారి వేయాల్సిందే. అంటే మొదటి సూది వేయించుకున్న మహిళ రెండో దానికి వచ్చేసరికి కిట్ అయిపోయి ఉంటుంది. కిట్ విప్పిన వారంలోనే తర్వాతి సరుకుకు ఇండెంట్ పెట్టకపోతే ఆమె ఉత్త చేతులతో వెనక్కి వెళ్తుంది. గడువు దాటినా నాలుగు వారాల వరకు ఇంజెక్షన్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది తెలియక 'ఆలస్యమైంది, కుదరదు' అని పంపేసే సిబ్బందీ ఉన్నారు.

ఈ ఇంజెక్షన్‌లోనే చర్మం కింద వేసే 104 మిల్లీగ్రాముల రకాన్ని మహిళ తనే వేసుకోవచ్చు. సూది, మందు ఒకే చిన్న పరికరంలో ఉంటాయి. ముందు బాగా కుదపాలి, లేకపోతే మందు అడుగునే ఉండిపోయి మోతాదు తగ్గుతుంది. రేపెక్కడ ఉంటుందో తెలియని మనిషికి ఒకసారి నేర్పించి, నాలుగు డోసులు చేతికిస్తే ఏడాది గడుస్తుంది.

ఇంకో అడ్డంకి, 'నెలసరి వచ్చాక రామ్మా' అన్న మాట. గర్భం లేదని తేలాలనే అలా అంటారు. కానీ గర్భ పరీక్ష కిట్ లేకపోయినా ఆ సంగతి ఆరు ప్రశ్నలతో తేల్చవచ్చు: నెలసరి మొదలై ఏడు రోజుల్లోపేనా, కానుపై నాలుగు వారాలు దాటలేదా, బిడ్డ ఆరు నెలల్లోపుదై, పూర్తిగా తల్లిపాల మీదే ఉండి, తల్లికి నెలసరి కూడా ఇంకా రాలేదా... ఇలా. ఒక్కదానికి అవునన్నా, గర్భ లక్షణాలు లేకపోతే, ఆ రోజే పద్ధతి మొదలుపెట్టవచ్చు. భర్త సంతకానికి వైద్యపరమైన అవసరమేమీ లేదు. అది అడిగిన చోట మహిళలు మళ్లీ ఆ గడప తొక్కరు.

అత్యాచారానికి గురైన మహిళకు అత్యవసర గర్భనిరోధక మాత్ర 5 రోజుల్లోపు, హెచ్ఐవీ నివారణ మందు 72 గంటల్లోపు అందాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. చాలా శిబిరాల్లో సాయంత్రానికి సిబ్బంది బయటికి వెళ్లిపోవాలి. తాళంచెవి వాళ్లతోనే పోతే ఆ మందు ఉండీ ఏం లాభం? శిబిరంలోనే నివసించే శిక్షణ పొందిన మంత్రసాని దగ్గర కొన్ని డోసులు ఉంచాలి.

ఇక గర్భనిరోధక ఇంప్లాంట్. మోచేతికి పైన చర్మం కింద సన్నటి కడ్డీ పెట్టడానికి కొద్ది నిమిషాలు చాలు, అందుకే ఎన్ని పెట్టామన్న లెక్క బాగా కనిపిస్తుంది. తీయాలంటే మత్తు ఇంజెక్షన్, చిన్న కోత, వంపు ఫోర్సెప్స్, చేయి తిరిగిన మనిషి కావాలి. తీసే ఏర్పాటు లేని చోట పెట్టడం అన్యాయం. తీయించుకోలేక చిక్కుకుపోయిన ఒక్క మహిళ మాట చాలు, మిగతా డేరాలన్నీ వెనకడుగు వేస్తాయి. పెట్టిన రోజే తేదీ, రకం, ఏ చేయి, ఎప్పటికి తీయాలి అన్నవి రాసిన కార్డు ఆమె చేతిలో పెట్టాలి. రిజిస్టర్ శిబిరంలోనే ఉండిపోతుంది, కార్డైతే ఆమె వెంట వెళ్తుంది.

ఇట్లు,
ఒక ప్రజారోగ్య కార్యకర్త