‘కనపడలేదు సార్’ అనేది అబద్ధం కాకపోవచ్చు

సంపాదకుల వారికి,

యాక్సిడెంట్ జరిగిన చోటల్లా డ్రైవర్ ‘నాకు కనపడలేదు సార్’ అంటాడు, చుట్టూ మూగినోళ్లు ‘అంత మనిషి కనపడలేదా, కళ్లు నెత్తికెక్కాయా’ అని మీదపడతారు. చాలాసార్లు అతను చెప్పేది నిజమే కావచ్చు, నన్ను భయపెట్టేదీ అదే. తాగి నడిపేవాణ్ని పోలీసులు పట్టుకోగలరు, కళ్లు తెరిచి ఎదురుగా చూస్తూనే మనిషిని గమనించనివాణ్ని ఎవరు పట్టుకుంటారు?

ఉన్నదున్నట్టు చూస్తున్నామని అనుకుంటాం గానీ, అలా జరగదు. ఇంట్లోనే పరీక్షించుకోండి. పిల్లల రూళ్ల నోటుబుక్కులో ఒక గీత మీద ఎడమవైపు ఇంటూ మార్కు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఇంటూ మార్కునే చూస్తూ పుస్తకాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. దాని స్థానంలో ఖాళీ కూడా కనపడదు, గీత తెగకుండా సాగినట్టే ఉంటుంది! కంటినరం బయటికి పోయే చోట చూపు లేదు, ఆ లోటును మెదడు పక్కనున్నదాంతో పూడ్చేస్తుంది, ఆ సంగతి మనకు తెలియనివ్వదు. ఫ్రాన్స్‌లో మారియట్ అనే శాస్త్రవేత్త 1660లలోనే దీన్ని కనిపెట్టాడు.

అంతకన్నా పెద్ద చిక్కు ధ్యాసతో. అమెరికాలో సైమన్స్, ఛాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ఒక వీడియో చూపించి, ఆటగాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం నడిచొచ్చి గుండెలు బాదుకుని పోతే, దాదాపు సగం మంది గమనించనే లేదు. ఇక మన తిరుపతి లీలామహల్ సర్కిల్లో బ్లూటూత్‌లో మాట్లాడుతూ బండి తిప్పేవాళ్ల సంగతి చెప్పాలా? చేతులు ఖాళీగానే ఉంటాయి, ధ్యాస ఉండదు.

నా బాధంతా కాలినడకన తిరుమల కొండకు వచ్చే భక్తుల గురించి. తెల్లవారకముందే పుత్తూరు వైపు నుంచి, చిత్తూరు వైపు నుంచి రోడ్డు పక్కన గుంపులుగా నడుస్తుంటారు. లారీ లైట్లు వాళ్లకు దూరం నుంచే కనపడతాయి కాబట్టి, డ్రైవర్‌కు తామూ అంత దూరం నుంచి కనపడుతున్నామని నమ్ముతారు. కనపడరు.

దీనికి ఒక దారి ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త యొహాన్‌సన్ 1973లో చీకట్లో మనుషుల కీళ్ల దగ్గర వెలుగు చుక్కలు మాత్రమే కనపడేలా చేసి చూపించాడు. కదలకుండా ఉంటే అవి ఉత్త చుక్కలు. నడిచారంటే చాలు, చూసేవాళ్లు క్షణంలో ‘మనిషి’ అని పోల్చుకున్నారు. అందుకే మెరిసే టేపు బ్యాగుకు అంటిస్తే చాలదు, చీలమండలకు, మోకాళ్లకు చుట్టుకోవాలి, ఎందుకంటే నడకలో బాగా కదిలేవి అవే.

దారి పొడవునా మజ్జిగ, పులిహోర పంచే దాతలకు నా మనవి: ఈసారి వాటితోపాటు తలా నాలుగు టేపు ముక్కలు కూడా ఇవ్వండి, ఇచ్చి ఊరుకోకుండా దగ్గరుండి కాళ్లకు కట్టించండి. రవాణా అధికారులు కూడా ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) కోసం వచ్చే కుర్రాళ్ల చేత మొదట చెప్పిన ఆ ఇంటూ మార్కు, చుక్క పరీక్ష చేయించాలి, అయిదు నిమిషాల పని, ఒక కాగితం చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి