తప్పు అణువు మీదికి నెట్టేశారు

సంపాదకులకు నమస్కారం.

మీ సైన్స్ పేజీలో అణువుల కుడి ఎడమల గురించి, అంటే మన రెండు చేతుల్లాగా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండి ఒకదానిమీద ఒకటి సరిపోని జంట రూపాల గురించి వచ్చిన వ్యాసం సంగతి ఇది. వచ్చి పది రోజులైంది, ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. నిన్న మా మనవరాలు ఆ ముక్క కత్తిరించి స్కూల్ ప్రాజెక్టులో అంటించుకుని చూపించింది. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

ముందు బొమ్మ. మధ్యలో కార్బన్, చుట్టూ క్లోరిన్, బ్రోమిన్, రెండు హైడ్రోజన్లు. పక్కన అద్దం, అందులో ప్రతిబింబం, కింద 'ఈ రెండూ ఒకదానిమీద ఒకటి సరిపోవు' అని రాత. ఎందుకు సరిపోవండీ? హైడ్రోజన్లు రెండున్నాక కాస్త తిప్పి పెడితే చక్కగా సరిపోతాయి. కార్బన్ నాలుగు చేతులూ నాలుగు వేర్వేరు వాటిని పట్టుకున్నప్పుడే ఈ కుడి ఎడమల గొడవ వస్తుంది. నమ్మకం లేకపోతే మైనం ముద్దకు నాలుగు అగ్గిపుల్లలు గుచ్చి చూసుకోండి, నేను ముప్పై ఏళ్లు క్లాసులో చేయించింది అదే. కార్బన్ చేతులు కాగితం మీద గీసినట్టు చదునుగా కాక నాలుగు వైపులకూ చాచి ఉంటాయని వాంట్ హాఫ్, లె బెల్ అనే కెమిస్టులు ఎవరికి వారు 1874లోనే చెప్పారు. కోల్బె అనే పేరుమోసిన ప్రొఫెసరు వాంట్ హాఫ్‌ను అచ్చులోనే వెక్కిరించాడు. కెమిస్ట్రీలో మొట్టమొదటి నోబెల్ 1901లో ఆ వాంట్ హాఫ్‌కే వచ్చింది. మీ బొమ్మ గీసినాయన దగ్గరికి ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.

నారింజ, నిమ్మ తొక్కల నూనెలో ఉండే లిమొనీన్ అనే పదార్థంలో కుడిరకం నారింజ వాసన, ఎడమరకం నిమ్మ వాసన అన్నారు. ఇది ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ వస్తున్న మాట. నిమ్మతొక్క నూనెలోనూ ఎక్కువగా ఉండేది కుడిరకమే, నిమ్మకు ఆ వాసన తెచ్చేది ముఖ్యంగా సిట్రాల్ అనే వేరే పదార్థం. అచ్చమైన ఉదాహరణే కావాలంటే కార్వోన్ అనే పదార్థం ఉంది కదా, ఒక రూపం పుదీనా జాతి వాసన, రెండోది షాజీరా వాసన. పేరు ముందు ఇంగ్లిషు పెద్ద డి అక్షరం ఉన్నవన్నీ కాంతిని కుడికి తిప్పుతాయన్న వాక్యం సంగతి ఇక చెప్పను. పండ్ల చక్కెర డి-ఫ్రక్టోజ్ ఎడమకు తిప్పుతుంది, అంతే.

ఇవన్నీ మింగేసేవాణ్ణే. గర్భిణులు వేసుకుంటే పిల్లలు అవయవాలు సరిగా లేకుండా పుట్టిన థాలిడోమైడ్ అనే మందు గురించిన పేరా మాత్రం మింగుడు పడలేదు. 'కుడి అణువు మంచిది, ఎడమ అణువు విషం, రెండూ కలిపి అమ్మారు కాబట్టి అంత ఘోరం జరిగింది, వేరుచేసి అమ్మి ఉంటే ఆ పిల్లలు బతికి బాగుండేవారు' అని రాశారు. పాఠ్యపుస్తకాల్లో కూడా ఈ కథ తిరుగుతోంది కాబట్టి మీ ఒక్కరినే అనడం అన్యాయమే, కానీ అచ్చు వేసేముందు ఒక్కరినైనా అడగాలి కదా. ఒక రూపానిదే దోషం అన్న మాటకు ఎక్కువమంది చూపించేది 1979లో జర్మనీలో ఎలుకల మీద చేసిన పరిశోధన. అది నిజమే అనుకుందాం. అయినా ఉపయోగం లేదు. ఆ అణువులో కుడి ఎడమలు తేల్చే కార్బన్ పక్కనే కార్బొనైల్, అంటే ఆక్సిజన్‌ను రెండు చేతులతో పట్టుకున్న ఇంకో కార్బన్ ఉంది, దానివల్ల ఆ కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడి మళ్లీ ఏ వైపునుంచైనా వచ్చి అతుక్కుంటుంది. అందుకే అచ్చంగా కుడిరకమే మింగినా ఒంట్లో కొన్ని గంటల్లో రెండు రకాలూ తయారవుతాయి. వేరుచేసి అమ్మినా జరిగేది జరిగేదే.

మరి తప్పెవరిది? పశ్చిమ జర్మనీలో 1957లో అమ్మకానికి పెట్టి, కడుపులో బిడ్డకు ఏమవుతుందో సరిగా పరీక్షించకుండానే గర్భిణుల వేవిళ్లకు కూడా ఇచ్చిన వాళ్లది. 1961 నవంబరులో అక్కడ వెనక్కి తీసుకునేదాకా అమ్ముతూనే ఉన్నారు. అవయవాలు సరిగా లేకుండా పుట్టిన పిల్లలు ప్రపంచం మొత్తం మీద పదివేలకు పైనే అంటారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి మాత్రం కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా, ఈ ఆధారాలు చాలవు, ఇంకా తెండి అంటూ అనుమతి ఇవ్వకుండా ఆపింది. ఆమె కుడి ఎడమలు చూసి ఆపలేదండీ, కాగితాలు చదివి ఆపింది. కాగితాలు చదివే అధికారి ఎంత అరుదో మీకు నేను చెప్పాలా? మీ కథలో ఆమె పేరే లేదు, తప్పంతా నోరులేని ఎడమ అణువు మీదికి నెట్టేశారు.

పైగా 'రెండు రూపాలూ కలిసి ఉన్న మందులన్నీ ప్రమాదమే' అని ముగించారు. నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ మామూలుగా అమ్మేది రెండు రూపాల మిశ్రమమే. అందులో పనిచేయని రూపాన్ని చాలావరకు మన ఒళ్లే పనిచేసే రూపంగా మార్చుకుంటుంది. అలర్జీ మాత్రల్లో సెటిరిజిన్ మిశ్రమం, లీవోసెటిరిజిన్ అందులోని ఒక్క రూపం. రెండూ జనం వేసుకుంటూనే ఉన్నారు. మీ వ్యాసం చదివి ఎవరైనా భయపడి మాత్రలు మానేస్తే ఆ టెన్షన్ ఎవరు పడాలి?

ఏ నాయకుడి హోదానో ఒక్క అక్షరం తప్పు పడితే మర్నాడే సవరణ వేస్తారు. సైన్స్ తప్పుకు మాత్రం సవరణ వేసినట్టు నాకు గుర్తులేదు. బళ్లలోనూ అంతే, ఈ రెండు రూపాలకూ ఆర్, ఎస్ అని గుర్తులు పెట్టే షార్ట్‌కట్లు పరీక్ష కోసం బట్టీ వేయిస్తారు, ఒక్క నమూనా పిల్లల చేతికివ్వరు. మోడల్ సెట్లు కొనమని నేను పెట్టిన అర్జీ రిటైరయ్యేదాకా ఏ బల్ల కింద పడి ఉందో తెలియలేదు.

సవరణ వేస్తే అదే పేజీలో, కనబడేలా వేయండి. బొమ్మ కూడా మార్చండి. పెద్ద పనేం కాదు, ఒక హైడ్రోజన్ చెరిపేసి అక్కడ ఫ్లోరిన్ పెట్టండి. అప్పుడు మీరు కింద రాసిన మాట నిజమవుతుంది, మా మనవరాలు కూడా కొత్తది అంటించుకుంటుంది.

— ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్