అన్నిటికంటే చెడ్డ రేసును లెక్కలోంచి తీసేస్తారు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జులైలో హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ పోటీలు జరిగినప్పుడు మన ఎనిమిదో తరగతి పిల్లల్ని చూపించడానికి తీసుకెళ్లాం. చిన్న పడవ, ఒకటే తెరచాప, ఒక్కరే మనిషి. గాలి జోరు పెరిగినప్పుడల్లా ఆ మనిషి పాదాలను పడవలోని పట్టీ కింద ఇరికించి, ఒళ్లంతా నీళ్ల మీదికి వెనక్కి వాల్చేస్తాడు. పడవ బోల్తా పడకుండా ఆపేది ఆ బరువే. "అలా ఎంతసేపు ఉంటారు మేడమ్, నడుం పట్టేయదా?" అని ఒక పాప అడిగింది.

ఆ పడవను లేజర్ అంటారు. బ్రిటన్‌కు చెందిన బెన్ ఐన్స్లీ తొలి రెండు ఒలింపిక్ పతకాలూ లేజర్ మీదే గెలిచారు. మర్నాడు అసెంబ్లీలో ఆయన గురించి చెప్పాను. మన స్లిప్ టెస్టులతో దానికి సంబంధం ఉంది కాబట్టి మీకూ రాస్తున్నాను.

1996 ఒలింపిక్స్ నాటికి ఐన్స్లీకి 19 ఏళ్లు. అమెరికాలోని సవానా తీరంలో చివరి రేసు. బ్రెజిల్ సెయిలర్ రాబర్ట్ షైట్ పాయింట్లలో ముందున్నారు. ఇద్దరూ అనర్హులైతే స్వర్ణం షైట్‌దే. సిగ్నల్ పడకముందే షైట్ ప్రారంభ గీత దాటారు, ఆయన్ను వెన్నంటి ఐన్స్లీ కూడా దాటేశారు. ఇద్దరూ అనర్హులయ్యారు. ఐన్స్లీకి రజతమే మిగిలింది. నాలుగేళ్ల తర్వాత సిడ్నీలో ఆయన చివరి రేసంతా షైట్‌కు అడ్డుపడుతూ, గాలి అందనీయకుండా వెనక్కి నెట్టి స్వర్ణం గెలిచారు. అది న్యాయమేనా అని పిల్లలు నాతో వాదించారు. వాదించనివ్వండి, మంచి ప్రశ్నే.

సెయిలింగ్‌లో మొదటి స్థానానికి 1 పాయింటు, పదో స్థానానికి 10. రేసులన్నీ కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లే విజేత. కూడే ముందు ప్రతి ఒక్కరి లెక్కలోంచీ వాళ్ల చెడ్డ రేసును తీసేస్తారు. గాలి ఎవరి మాటా వినదు కదా! 2004 ఏథెన్స్‌లో ఐన్స్లీ ఫిన్ అనే మరింత బరువైన పడవకు మారారు. రెండో రేసులోనే, ఒక ఫ్రాన్స్ సెయిలర్ ఫిర్యాదుతో, అనర్హుడయ్యారు. ఆ రేసును లెక్కలోంచి వదిలేసుకున్నారు. ఇక మరో తప్పుకు చోటు లేదు. అక్కడి నుంచి ఎక్కి వచ్చి స్వర్ణం గెలిచారు. 2008లో మరొకటి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో, సెయిలింగ్ జరిగిన వేమత్ తీరంలో, డెన్మార్క్ సెయిలర్ హోగ్ క్రిస్టెన్సన్ మొదటి ఆరు రేసుల్లోనూ ఆయనకంటే ముందే వచ్చారు. ఆఖరి రేసులో పది పడవలుంటే ఐన్స్లీది తొమ్మిదో స్థానం, డెన్మార్క్ సెయిలర్‌ది పదోది. మొత్తం లెక్క తేలాక నాలుగో స్వర్ణం ఐన్స్లీకే వచ్చింది. తొమ్మిదో స్థానంతో స్వర్ణమా అని పిల్లలు కేకలు పెట్టారు.

అదే వారం ఒక బాబు జామెట్రీ బాక్సులో లెక్కల స్లిప్ టెస్టు పేపరు దొరికింది. ఎనిమిది మడతలు పెట్టి, కంపాస్ కింద దాచాడు. 25కి 4 మార్కులు. ఇంట్లో చూపిస్తే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో మూడు రోజులు టిఫిన్ బాక్సు కూడా సరిగ్గా తెరవలేదని వాళ్ల క్లాస్ టీచర్ చెప్పింది. ఆ మడతలు విప్పుతుంటే నాకు చాలా బాధేసింది.

అందుకే టీచర్లతో మాట్లాడి ఒక మార్పు చేశాం. స్కూలు సొంతంగా పెట్టే స్లిప్ టెస్టుల్లో, ప్రతి సబ్జెక్టులోనూ, నెలకు ఒకటి, అన్నిటికంటే తక్కువ మార్కులు వచ్చినది, లెక్కలోకి తీసుకోం. రెండోసారి తగ్గితే మాత్రం అది లెక్కలో ఉంటుంది. కాపీ కొట్టిన టెస్టును తీసేయం. సెయిలింగ్‌లోనూ అంతే, క్రీడాస్ఫూర్తిని తప్పి అనర్హుడైన రేసును ఎవరూ వదిలించుకోలేరు.

తీసేసిన పేపరు కూడా ఇంటికి వస్తుంది. మార్కుల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంటుంది. దయచేసి దాని మీదా సంతకం చేసి పంపండి. మడతలు పడి ఉన్నా ఫర్వాలేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు