పిడికెడు బియ్యం: వచ్చే ఆదివారానికి మనవి

సంఘ సభ్యులందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

అన్నం వండే ప్రతిపూటా మనం విడిగా తీసి ఉంచుతున్న పిడికెడు బియ్యాన్ని వచ్చే ఆదివారం ఆరాధన ముగియగానే మందిరం వరండాలో స్వీకరిస్తాము. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘపు స్త్రీలు 1910 నుండి ఇదే పద్ధతిని పాటిస్తున్నారు. మిగిలినది కాక, ఎసట్లో వేయకముందే తీసినది ఇవ్వడమే ఇందులోని గొప్పతనమని నా నమ్మకం.

బియ్యాన్ని రాళ్లు ఏరి, పొడి సంచిలో తీసుకురండి. సంచిపై పేరు రాయవద్దు.

ఆనాటి ధ్యానభాగం లేవీయకాండము 19వ అధ్యాయం. శనివారం రాత్రిలోగా కుటుంబమంతా కలిసి చదవండి. పొలం అంచుల పంటను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టమన్న ఆ అధ్యాయమే కూలివాని కూలిని మరునాటి వరకు ఉంచుకోవద్దని, తూకంలో అన్యాయం చేయవద్దని కూడా ఆజ్ఞాపిస్తుంది. కనుక ఇంట్లో పనిచేసే అమ్మకు గాని, పాలవారికి గాని, ఇస్త్రీ చేసేవారికి గాని బాకీ ఉంటే, బియ్యం తెచ్చేలోపే తీర్చివేయాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఇస్త్రీ డబ్బులు రెండు వారాలుగా నిలిచిపోయాయని ఈ అధ్యాయం చదివాకే గ్రహించి, మేము నిన్న చెల్లించాము.

రాలేని వృద్ధుల ఇళ్లకు యౌవనస్థులు శనివారం సాయంత్రం 5 గంటలకు వస్తారు. అవసరమైనవారు శుక్రవారంలోగా ఈ గ్రూపులో తెలియజేయగలరు.