మన నెట్ ఆ వారం ఎందుకలా అయిందంటే

విజయవాడ సత్యనారాయణపురం, ముత్యాలంపాడు, సింగ్‌నగర్‌లోని మా ఇంటర్నెట్ కస్టమర్లకి నమస్కారం.

పోయిన వారం మీకు కొన్ని సైట్లు టకటకా తెరుచుకుంటే, కొన్ని గుండ్రంగా తిరుగుతూనే ఉండిపోయాయి. కేబుల్ ఎక్కడా తెగలేదు. కనెక్షన్లు ఎక్కువ అమ్ముకుని లైను పలచన చేశారని మన వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. ఆ మాట గట్టిగా తగిలింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు, నీళ్లు పూర్తిగా తియ్యకముందే మా కుర్రాళ్లు స్తంభాలెక్కి సింగ్‌నగర్ లైన్లు కలిపారు. అలాంటి మేం డబ్బుకి ఆశపడి ఆ పని చెయ్యం.

జరిగింది ఇది. మెయిన్ రౌటర్‌లో ఒక కార్డు కాలిపోయింది. పెద్ద రూటింగ్ టేబుల్ (ఏ చోటికి ఏ దారిన పోవాలో రాసుకునే పట్టిక) పట్టే కార్డు కావాలని హైదరాబాద్ డీలర్‌ని అడిగాం. బిల్లు మీద అదే రాశాడు, కార్డు అంచున స్టిక్కరూ అదే. దాని మీద బిగించిన చిన్న బోర్డు మాత్రం మామూలు రకం. ఈ తరహా రౌటర్లో ఒక్క కార్డు చిన్నదైతే చాలు, రీలోడ్ అయ్యాక పెట్టె మొత్తం దాని స్థాయికే దిగిపోతుంది. 10 లక్షల ఎంట్రీలు, అంటే దారులు (రూట్లు), పట్టేది రెండున్నర లక్షల చిల్లరకి పడిపోయింది. ప్రపంచం మొత్తం రూట్లు ఇప్పుడు 10 లక్షల దరిదాపుల్లో ఉన్నాయి. మేం వడపోసి నడుపుతున్నవే 4 లక్షల పైమాట. చోటు దొరకని రూట్ల ప్యాకెట్లన్నీ (డేటా ముక్కలు) రౌటర్ సీపీయూ నెత్తిన పడ్డాయి. అంత ట్రాఫిక్ దాని వల్ల అయ్యే పని కాదు.

డీలర్‌కి ఫోన్ చేస్తే "అన్నీ ఒకటే సార్, ర్యామ్ వేసుకోండి" అన్నాడు. ర్యామ్ వేస్తే పెరిగేది కాదది. దారి చూసేది టీక్యామ్ అనే చిప్. లక్షల ఎంట్రీలనీ ఒకేసారి పోల్చి ఒక్క దెబ్బలో దారి చెబుతుంది. అందుకే అంత ఖరీదు, అంత కరెంటు. బోర్డుతో పాటు వచ్చిందే, తర్వాత కలిపేది ఉండదు. 2014 ఆగస్టు 12న ప్రపంచ టేబుల్ 5,12,000 దాటినప్పుడు సిస్కో పాత రౌటర్లు చాలా చోట్ల ఇలాగే చతికిలబడ్డాయి. రౌటర్లు అమ్మి బతికే మనిషికి ఆ సంగతి తెలియకపోవడం నాకింకా మింగుడు పడట్లేదు. సరైన కార్డు వచ్చేదాకా దీంతోనే నడపాలి, ఆ తర్వాత వెనక్కి పంపేస్తాం. అతని దగ్గర ఇక స్క్రూ కూడా కొనం.

ఆ తర్వాత ఏం చెయ్యాలన్నదే నిద్రపోనివ్వలేదు. కొత్త రౌటర్ కొంటే మీ నెల బిల్లు పెంచక తప్పదు. ఐపీవీ6 (కొత్త తరం పొడవాటి ఇంటర్నెట్ చిరునామాలు) ఎంట్రీ ఒక్కొక్కటి రెండింతల చోటు తింటుంది కాబట్టి దాన్ని తీసేస్తే కొంత మిగులుతుంది, కానీ ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవడం నాకు ఇష్టం లేదు. మిగిలింది విదేశీ రూట్లు వదిలేసి డిఫాల్ట్ రూట్ పెట్టుకోవడం, అంటే టేబుల్లో లేని చోట్లకి పోయేవన్నీ ఒకే దారిన పంపేయడం. దారులు మేమే ఎంచుకుంటాం అని ఇన్నాళ్లూ ఛాతీ విరుచుకుని చెప్పినవాణ్ణి. అది వదలడానికి మనసొప్పలేదు. అయినా అదే చేశాం. హైదరాబాద్ నిక్సీ (దేశంలోని నెట్ కంపెనీలు ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకునే చోటు) రూట్లు, అప్‌స్ట్రీముల (మాకు నెట్ ఇచ్చే పెద్ద కంపెనీలు) దేశీయ రూట్లు మా టేబుల్లోనే ఉంటాయి. మిగతా ప్రపంచానికి రెండు లింకుల మీదా చెరొక డిఫాల్ట్. గొల్లపూడి దాటి హైవే ఎక్కే బస్సుకి హైదరాబాద్‌లో ప్రతి సందూ తెలియక్కర్లేదు. ఒక లింకు పోతే రెండోది అందుకుంటుంది. ఇప్పుడు టేబుల్ సగం కూడా నిండలేదు.

నష్టమేమీ లేదని చెప్పను. సింగపూర్‌కో అమెరికాకో ఏ దారి మేలో ఇక అప్‌స్ట్రీమే తేలుస్తుంది. వీపీఎన్ మీద రాత్రి షిఫ్టు చేసేవాళ్లకి, గేములాడే పిల్లలకి తేడా కనిపిస్తే ట్రేస్‌రూట్ (ప్యాకెట్లు ఏ దారిన పోతున్నాయో చూపే కమాండ్) తీసి, టైముతో సహా ఆఫీసు వాట్సాప్‌కి పంపండి. ఆ రూటు విడిగా వేస్తాం.

బిల్లు పెంచడం లేదు. పాడైన వారం డబ్బు వచ్చే బిల్లులో తగ్గుతుంది, ఎవరూ అడగక్కర్లేదు. సరైన కార్డు వేరే చోట ఆర్డరిచ్చాం, లోపలి బోర్డు కళ్లతో చూశాకే డబ్బు కడతాం. అది బిగించే రోజు అర్ధరాత్రి దాటాక కాసేపు నెట్ ఆగుతుంది. ముందురోజే మెసేజ్ పెడతాం.