గెలిచాం కదా అని సరైన పందెమేనా?

సంపాదకుల గారికి,

ఆన్‌లైన్ నో-లిమిట్ పోకర్ (తన ముందున్న చిప్స్ ఎన్నైనా పందెం కాయగల పేకాట) గురించి రాసేవాళ్లు ఎవరు ఎంత గెలిచారన్నదే రాస్తారు గానీ, ఆ పందెం అసలు కాయాల్సిందేనా అని అడగరు. నేనూ అంతే. ఈమధ్య నేను గెలిచిన పాత ఆట ఒకటి తీసి లెక్క వేశాను. టర్న్ కార్డు (బల్ల మీద అందరికీ కలిపి తెరిచే నాలుగో కార్డు) పడేసరికి పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 100 చిప్స్, అవతలివాడు 50 వేశాడు, నా దగ్గర ఫ్లష్ డ్రా, అంటే ఒకే గుర్తు కార్డులు నాలుగున్నాయి, ఐదోది పడితే ఫ్లష్. నేనూ అంతే 50 పెట్టి కాల్ చేస్తే మొత్తం 200, అంటే కనీసం 25 శాతం గెలిచే అవకాశం ఉండాలి. కనబడని 46 కార్డుల్లో నాకు పనికొచ్చేవి 9. అంటే 20 శాతం కూడా లేదు! రివర్‌లో (ఆఖరి కార్డుగా) అలాంటి కార్డే పడింది, నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. అవతలివాడి దగ్గర చిప్స్ బాగా మిగిలి, ఫ్లష్ పడ్డాక కూడా నా పందేనికి కాల్ చేస్తాడనుకుంటే గెలిచినప్పుడు ఇంకా ఎక్కువ వస్తుంది, అది వేరే సంగతి, కానీ వాడి దగ్గర మిగిలింది 20 మాత్రమే. బ్లఫ్ కూడా అంతే, చేతిలో ఏమీ లేకుండా పాట్ అంత పందెం వేస్తే సగం సార్ల కంటే ఎక్కువ అవతలివాడు వదిలేస్తేనే లాభం.

ఇకపై పోకర్ కబుర్లు వేసేటప్పుడు ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో, పాట్ ఎంతో కూడా వేయండి.

- ఒక పాఠకుడు