సమీక్షల్లో శబ్దానికీ కెమెరాకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వచ్చే సినిమా సమీక్షలను శ్రద్ధగా చదివే పాఠకుణ్ని. కథ గురించీ నటన గురించీ పేరాలకు పేరాలు రాసే సమీక్షకులు చివరికి వచ్చేసరికి ‘ఛాయాగ్రహణం కనువిందుగా ఉంది, నేపథ్య సంగీతం ఫర్వాలేదు’ అని ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. సన్నివేశానికి అర్థాన్నిచ్చేవి చాలాసార్లు ఆ రెండే కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’ (1955)లో, చాలాకాలానికి ఇల్లు చేరిన హరిహరుడు, కూతురు చనిపోయిన సంగతి తెలియక, ఆమె కోసం కొన్న చీరను భార్యకు చూపిస్తాడు. సర్వజయ అంతవరకూ బిగబట్టుకున్న దుఃఖం కట్టలు తెంచుకుంటుంది. ఆమె ఏడవడం చూస్తాం కానీ ఆ ఏడుపు మనకు వినిపించదు. దాని స్థానంలో తార్‌షెహనాయి అనే తీగవాద్యం తారస్థాయిలో పలుకుతుంది. ఏడుపే వినిపించి ఉంటే ఆమె మీద జాలిపడి ఊరుకునేవాళ్లం. గొంతును తీసేయడంతో ఆ రోదనను ప్రేక్షకుడు తనలో తానే వినవలసి వస్తుంది. ‘సంగీతం బాగుంది’ అన్నంత మాత్రాన ఇంత పని జరిగిందని పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

కెమెరా విషయంలో మరో ఇబ్బంది ఉంది. కింది నుంచి చూపితే అధికారం, పై నుంచి చూపితే నిస్సహాయత అని కొందరు సూత్రం చెప్పేస్తుంటారు. మొదటి పాఠంగా అది పనికొస్తుంది, అంతే. ఆర్సన్ వెల్స్ ‘సిటిజన్ కేన్’ (1941)లో, ఎన్నికల్లో ఓడిన రాత్రి కథానాయకుడు కేన్, అతని పాత మిత్రుడు లీలండ్ మాట్లాడుకునే సన్నివేశాన్ని తీయడానికి సెట్ నేలను తవ్వి మరీ కెమెరాను కిందికి దించారు. తెర మీద కొండంత ఎత్తున నిలబడ్డ కేన్ అప్పుడే అన్నీ పోగొట్టుకున్నవాడు. నెత్తి మీద పైకప్పు కూడా కనిపిస్తూ, ఎటూ కదలలేని స్థితిని చెబుతుంది. ఓడినా తగ్గని అతని అహం మనకు తెలిసేది ప్రధానంగా ఆ కోణం వల్లనే. అదే చిత్రంలో, విశాలమైన భవనంలో చెరోమూల కూర్చున్న భార్యాభర్తల మాటలు ప్రతిధ్వనిస్తూ వినిపిస్తాయి. కెమెరా చూపిన దూరాన్ని శబ్దం రెట్టింపు చేస్తుంది. వెల్స్ రేడియో నుంచి వచ్చినవాడు కావడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

విడుదలైన రోజే చూసి, ఆ పూటే రాయవలసిన సమీక్షకుడి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. అయినా ప్రతి సమీక్షలో ఒక్క సన్నివేశాన్నైనా తీసుకొని, అందులో కెమెరా ఎక్కడుంది, ఏ శబ్దం వినిపించింది, వినిపించవలసిన ఏ శబ్దాన్ని ఆపేశారు అన్నది రాయించమని మనవి. చోటు చాలకపోతే కథా సారాంశాన్ని కుదించవచ్చు. సాంకేతిక నిపుణుల పట్టికలో ఛాయాగ్రాహకుడి పేరు పక్కనే సౌండ్ డిజైనర్ పేరు కూడా ముద్రించండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు